రైడ్ దుర్గ

కెనడాలోని విండ్సర్‌లో తెలుగు పిల్లల ఫోన్లలో కనకదుర్గ పేరు 'రైడ్ దుర్గ' అని ఉండేది. ఇంటిపేరు ఎవరికీ తెలియదు. కొత్తగా విమానం దిగినవాళ్ళకీ, పాత పరుపు కొనుక్కుని దాన్ని బస్సెక్కించలేక రోడ్డు మీద నిలబడ్డవాళ్ళకీ, లీమింగ్టన్ టమాటా తోటల్లో పనికి తెల్లారేసరికల్లా చేరాల్సినవాళ్ళకీ మొదట గుర్తొచ్చేది ఆమే. వాట్సాప్‌లో ఒక రైడ్ గ్రూపు ఉంది. "రేపు ఆరింటికి ఇద్దరం, రైడ్ కావాలి" అని పెడితే పది నిమిషాల్లో "వస్తా" అని ఒక్క మాట వచ్చేది. అంతకు మించి ఒక్క అక్షరం ఎక్కువ రాసేది కాదు. గంటకొక బస్సు వచ్చే ఊళ్ళో, మోకాలి లోతు మంచులో, ఆ 'వస్తా'కి ఎంత విలువో నిలబడి చూసినవాళ్ళకే తెలుసు.

ఆ పేరంటే ఆమెకీ ఇష్టమే. బుద్ధెరిగాక తాను బాగా చేస్తానని నలుగురూ ఒప్పుకున్న పని అదొక్కటే మరి.

జగ్గయ్యపేటలో సిమెంటు లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తా వీరభద్రరావు గారి రెండో కూతురు కనకదుర్గ. ఇంటర్‌లో ఒకే బెంచీ మీద కూర్చున్న ముగ్గురిలో మధ్య మనిషి. ఒక పక్కన మీనాక్షి, ఆ ఊరి పిల్లే, లెక్కల్లో గట్టిది, మాటల్లో పొదుపు. ఇంకో పక్కన అమృత, కోదాడ నుంచి రోజూ బస్సులో వచ్చేది, నోట్లో నువ్వుగింజ నానదు. వాళ్ళ ఊళ్ళ మధ్య రెండు రాష్ట్రాల సరిహద్దు ఉండేది కానీ వాళ్ళకది అరగంట బస్సు ప్రయాణం, అంతే. డిగ్రీలో మీనాక్షి మ్యాథ్స్, అమృత కంప్యూటర్స్, దుర్గ బి.ఏ. తీసుకున్నారు. క్లాసులు వేరైనా టిఫిన్ డబ్బాలు మాత్రం ఒకచోటే తెరుచుకునేవి.

డిగ్రీ అయిన ఏడాది ఊళ్ళో ఎవరింట చూసినా కెనడా మాటే. ముగ్గురూ కలిసి విజయవాడలో ఒక కన్సల్టెన్సీ మెట్లెక్కారు. టై కట్టుకున్న ఒకాయన ముగ్గుర్నీ చూసి సంబరపడిపోయాడు.

"ఫ్రెండ్స్ బ్యాచ్ అన్నమాట! ముగ్గురికీ ఒకే కాలేజీ, ఒకే కోర్సు పెట్టేద్దాం. డేటా అనలిటిక్స్. ఇంట్లోవాళ్ళకీ నిశ్చింత."

"నాది బి.ఏ. కదండీ, నేనేం చదువుతానండీ అది?" అంది దుర్గ.

"అక్కడ అ ఆల నుంచీ చెప్తారమ్మా. పక్కన మీవాళ్ళుండనే ఉన్నారుగా."

గోడ మీది జాబితాలో బళ్ళు, రూట్లు, సరుకు రవాణా గురించిన కోర్సొకటి ఉంది. కాలేజీ ఎడ్మంటన్‌లో. దుర్గ దాని మీద వేలు పెట్టి చూపించింది. అమృత ఆ వేలు పట్టుకుని పక్కకి లాగింది.

"మమ్మల్ని ఒదిలిపెట్టి ఒక్కదానివి ఏడికి పోతవే? పోతే ముగ్గురం పోదాం, లేకుంటే ఎవ్వరం వద్దు."

అంత ప్రేమగా తనని ఎవరూ అడగలేదనిపించింది దుర్గకి. చూపించినచోటల్లా సంతకం పెట్టేసింది.

విమానం ఎక్కడం ముగ్గురికీ అదే మొదలు. టొరంటోలో పెట్టెలు విప్పి చూపించమంటే మూడు పెట్టెల్లోంచీ మూడు కుక్కర్లు బయటికొచ్చాయి, మూడూ ఒకే సైజు, ఒకే కంపెనీ. ఒకటి తెచ్చుకుంటే సరిపోయేదన్న ఆలోచన అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. అక్కడే నేల మీద చతికిలబడి పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత చాలాకాలం, ఎవరికైనా ఇంటి మీద బెంగ పుడితే మిగతా ఇద్దరూ "కుక్కర్" అనేవారు. బెంగ కాస్త సర్దుకునేది.

కాలేజీలో మొదటి వారమే దుర్గ వేరే సెక్షన్‌లో పడింది. పక్కన మీనాక్షి లేదు, అమృత లేదు. తెర మీద అంకెలూ గుర్తులూ పరిగెడుతుంటే వాటి వెంట పరిగెత్తలేక మొదటి మలుపులోనే ఆగిపోయేది. మేష్టారు మంచివాడు, ఏమడిగినా నవ్వుతూ మళ్ళీ చెప్పేవాడు. రెండోసారీ అర్థం కాలేదని చెప్పడానికి ఆ నవ్వే అడ్డం వచ్చేది.

అదే రోజుల్లో సీనియర్ ఒకతను ఊరు మారుతూ పాత కరోలా అమ్మకానికి పెట్టాడు. కారు లేకపోతే ఆ ఊళ్ళో కాళ్ళు లేనట్టే. డ్రైవింగ్ అంటే అమృతకి భయం, మీనాక్షికి విసుగు. దుర్గ నేర్చుకుంది. రోడ్డు టెస్టు రెండుసార్లు తప్పి, మూడోసారి పాసయింది. తెర మీద అంకెల వెంట పడలేని మనిషికి ఊరి వీధులన్నీ నెల తిరక్కుండా కంఠతా వచ్చేశాయి. ఏ సందులో మంచు ముందు తీస్తారు, ఏ రైలు గేటు ఎంతసేపు పడుతుంది, ఏ సిగ్నల్ దగ్గర ఏ లేన్‌లో ఉండాలి, అన్నీ.

చలికాలం సెమిస్టర్లో రెండు పేపర్లు పోయాయి. మిగతావాటి నుంచి ఆమే ఒక్కొక్కటిగా తప్పుకుని, చివరికి ఒకే ఒక్క సబ్జెక్టుతో మిగిలింది. స్టూడెంట్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళు పూర్తి చదువు చదవాలి. అలా మిగలకూడదు, మిగిలితే డబ్బు కోసం ఏ పనీ చేయకూడదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే ఇద్దర్నీ కాలేజీ గుమ్మం ముందు దించేది. "మీరు వెళ్ళండి, నేను పార్క్ చేసి వస్తా" అనేది. పార్క్ చేసి కార్లోనే కూర్చునేది. ఎవరైనా రైడ్ అడిగితే వెళ్ళి, సాయంత్రానికి మళ్ళీ గుమ్మం ముందుకొచ్చేది. జనవరి నుంచి ఆగస్టు దాకా ఇలాగే జరిగింది. ఒక్కరోజైనా, "క్లాసెలా ఉందే?" అని ఆ ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అడిగితే ఆ రోజే చెప్పేసి ఉండేదేమో.

ఆగస్టులో ధైర్యం చేసి కాలేజీలో అడ్వైజర్‌ని కలిసింది. ఆవిడ కాగితాలన్నీ తిరగేసి, ఇంకా దారి ఉందంది. సెప్టెంబరులో వేరే కోర్సులో పూర్తి చదువుకి చేరితే, ఈ నెలలకి కారణం రాసిస్తే, సర్దుకునే అవకాశం ఉంది. అంతవరకూ ఏ గొడవా లేకుండా ఉండాలి. రవాణా కోర్సు ఇక్కడ కూడా ఉందిట. సోమవారం పదకొండింటికి రమ్మంది. దుర్గ బయటికొచ్చి కార్లో కూర్చుని, ఏడాది తర్వాత మొదటిసారి తన చదువు గురించి తానే సంతోషపడింది.

సోమవారానికి ముందు శనివారం నయాగరా ప్రయాణం పెట్టుకున్నారు. ఈ దేశం వచ్చాక ముగ్గురూ సరదాగా ఊరు దాటడం అదే మొదలు. జలపాతం ముందు నిలబడి విషయం చెప్పేయాలని దుర్గ అనుకుంది. అంత చప్పుడులో ఎవరేమన్నా సగమే వినిపిస్తుంది.

బయల్దేరేముందు మీనాక్షి నాలుగు నిమ్మకాయలూ ఏడు పచ్చిమిరపకాయలూ దారానికి గుచ్చి కారు ముందు బంపరుకి కట్టింది. దేవుడి గురించి ఎప్పుడూ మాట్లాడని పిల్ల, దిష్టి దగ్గర మాత్రం రాజీ పడదు.

జలపాతం దగ్గర చెప్పలేకపోయింది. నీలం రంగు వానకోట్లు వేసుకుని ముగ్గురూ తడిసి ముద్దయి, మూడు వందల ఫొటోలు దిగారు. "మనం అనుకున్నం, సాధించినం!" అని అమృత నీళ్ళ మీదికి అరిచింది. అప్పుడెలా చెప్పడం? రాత్రి మోటెల్లో చెబుదామనుకుంటే ఇద్దరూ పడుకున్నారు. మర్నాడు తిరుగు ప్రయాణంలో, దారిలో లండన్ అనే ఊరు దాటాక చెబుదామనుకుంది. చాథమ్ దాటాక అనుకుంది. అలా అనుకుంటూ అనుకుంటూ విండ్సర్ వచ్చేసింది.

హైవే దిగాక హ్యూరాన్ చర్చ్ రోడ్డు. సాయంత్రం నాలుగైంది. ఆ రోడ్డు నేరుగా పోయి అంబాసిడర్ బ్రిడ్జి ఎక్కేస్తుంది, బ్రిడ్జికి అవతల అమెరికా. వాళ్ళ ఇల్లు బ్రిడ్జికి ఇవతల యూనివర్సిటీ పక్క వీధిలో. ఒక సిగ్నల్ దగ్గర కుడికి తిరగాలి. దుర్గ ఆ మలుపు వందలసార్లు తిరిగింది. ఇల్లు చేరితే ఇక చెప్పనన్న సంగతి తనకే తెలుసు.

"నేను కాలేజీకి వెళ్ళట్లేదే" అంది.

"ఇయ్యాల ఆదివారం కదనే" అంది వెనక సీట్లోంచి అమృత, ఫోన్లోంచి తలెత్తకుండా.

"ఇవాళ కాదు. జనవరి నుంచి."

పక్కన కూర్చున్న మీనాక్షి మెల్లగా ఇటు తిరిగింది. "రోజూ పార్క్ చేసి వస్తానంటావు?"

"చేసి అందులోనే కూర్చునేదాన్ని. ఒకే సబ్జెక్టు ఉంది నాకు. రేపు అపాయింట్‌మెంట్ ఉంది, సర్దుకుంటుందన్నారు..."

"ఏడు నెలలు!" అమృత ముందు సీట్ల మధ్యలోకి దూసుకొచ్చింది. "ఏందే నువ్వు? మన ముగ్గురిదీ ఒకటే అడ్రస్, ఒకటే కాలేజీ, ఆ ఏజెంటు ఫైళ్ళు కూడా ఒక్కతీరే రాసిండు. నీది తవ్వితే మావి కూడా తవ్వుతరు కదనే! రేపు చదువైనంక మా వర్క్ పర్మిట్లు ఆగితే? మా బతుకులతో ఆడుకుంటున్నవా?"

దుర్గ తలకాయ వెనక్కి తిప్పింది. అమృత ముఖంలో కోపం చూద్దామనుకుంటే అక్కడ కోపం లేదు, భయం ఉంది. ఆ భయం దుర్గ గురించి కాదు. అది చూడ్డానికి పట్టింది రెండు క్షణాలు.

"దుర్గా, టర్నింగ్!" అని మీనాక్షి అరిచేసరికి సిగ్నల్ వెనకబడిపోయింది.

కుడి లేన్‌లోకి రావాలంటే లారీ, వెనక లారీ, దాని వెనక ఇంకో లారీ. రోడ్డు వాళ్ళని తోసుకుంటూ తీసుకెళ్ళి టోల్ గేటు ముందు నిలబెట్టింది. 'తప్పొచ్చాం, వెనక్కి వెళ్ళాలి' అన్న మాట దుర్గ ఇంగ్లీషులో పోగుచేసుకునేలోపు వెనక హారన్ మోగింది, టోల్ డబ్బుకి చేతిలోంచి కార్డు తీసేసుకున్నారు, గేటు లేచింది. నాలుగు నిమిషాల్లో అమెరికాలో ఉన్నారు.

ముగ్గురిలో ఎవరికీ ఆ దేశం వీసా లేదు. అటు అధికారులకి ఇదేం కొత్త కాదు. వారానికి ఇలాంటివాళ్ళు ఎందరో వస్తారట. వేలిముద్రలు తీసుకున్నారు, ఫొటో తీశారు, ప్రవేశం లేదని తలా ఒక కాగితం ఇచ్చారు. ఒకాయన కారు చుట్టూ తిరిగి బంపరు దగ్గర ఆగాడు. పండ్లు దేశంలోకి తీసుకురాకూడదన్నాడు. ఇవి పండ్లు కావు, దిష్టి అని ఎలా చెప్పాలో ఎవరికీ తెలియలేదు. ఆయన చేతులకి తొడుగులు వేసుకుని, కత్తెరతో దారం కత్తిరించి, నిమ్మకాయల్నీ మిరపకాయల్నీ ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించాడు.

"మా పెద్దమ్మ కొడుకు మూడుసార్లు ఇంటర్వ్యూకి పోయిండు, వీసా ఇయ్యలే" అంది అమృత, బెంచీ మీద గొంతు తగ్గించి. "మన దిష్టికి మాత్రం మొదటిసారే వచ్చేసింది."

ముగ్గురికీ నవ్వాగలేదు. నోళ్ళు మూసుకుని, భుజాలు ఎగిరేలా నవ్వారు. "కుక్కర్" అంది మీనాక్షి, కళ్ళు తుడుచుకుంటూ. వాళ్ళు ముగ్గురూ కలిసి నవ్వింది అదే ఆఖరు.

అమెరికా రానివ్వకపోవడం పెద్ద విషయం కాదు. తిరిగి కెనడాలోకి రావాలి కదా. అక్కడ ముగ్గుర్నీ మూడు కౌంటర్ల దగ్గర నిలబెట్టారు.

దుర్గకి వచ్చిన అధికారిణి నడివయసు మనిషి, కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడుతోంది. పర్మిట్ చూసింది. కాలేజీ పోర్టల్ తెరిచి చూపించమంది. ఫోన్ తెర మీద ఒక్క సబ్జెక్టు పేరు ఒంటరిగా నిలబడి ఉంది. దుర్గ దాచలేదు. జనవరి నుంచి జరిగింది చెప్పి, అడ్వైజర్ రాసిన మెయిల్ తీసి చూపించింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. ముఖం కొంచెం మెత్తబడింది.

"అయితే రేపే చేరబోతున్నావన్నమాట. ఈలోగా ఏం చేస్తున్నావు? ఎక్కడైనా పనిచేస్తున్నావా?"

"లేదు. ఊరికే కారు నడుపుతాను. ఫ్రెండ్స్‌ని దింపుతుంటాను." అది సగం నిజం. తోటలకీ ఎయిర్‌పోర్టుకీ దింపిన మిగతావాళ్ళు పెట్రోలుకి మించే ఇచ్చేవారు. కానీ ఈ ఇద్దరి దగ్గర ఆమె ఎన్నడూ ఒక్క డాలరు పుచ్చుకోలేదు.

"ఆ ఇద్దరూ నీ ఫ్రెండ్సేనా?"

"ఇంటర్ నుంచీ. ముగ్గురం కలిసే వచ్చాం" అంది దుర్గ. ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో కొంత గర్వం కూడా ఉంది.

పక్క కౌంటర్ అయిదడుగుల దూరంలో ఉంది. అక్కడి అధికారి అమృతని అదే ప్రశ్న అడుగుతున్నాడు. ఆ కారు నడిపే అమ్మాయి నీకెలా తెలుసు? అమృత ఇంగ్లీషు ఎప్పుడూ గట్టిదే, ఆ రోజు ఇంకా గట్టిగా వినిపించింది.

ఆమె మాకు ఫ్రెండ్ కాదు సర్. రైడ్స్ ఇస్తుంది. వాట్సాప్ గ్రూపులో దొరికింది. అందరూ డబ్బులిచ్చే ఎక్కుతారు. ఆమె చదువు సంగతి మాకేం తెలియదు.

ఆ అధికారి మూడో కౌంటర్ వైపు చూశాడు. మీనాక్షి నేల చూస్తూ తలూపింది. అడ్డంగా కాదు, నిలువుగా.

కళ్ళజోడావిడ దుర్గని చూసింది. విసుగ్గా కాదు, ఓపిగ్గానే అడిగింది. ఇందులో ఏది నిజం?

దుర్గ దగ్గర ఫోనుంది. అందులో మూడు వందల ఫొటోలున్నాయి, నీలం వానకోట్లలో ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నవి. తీసి ముందు పెడితే చాలు. అప్పుడు అధికారి ముందు అబద్ధం చెప్పింది అమృత అవుతుంది. తాను కేవలం చదువులో వెనకబడ్డ పిల్ల అవుతుంది, రేపటి అపాయింట్‌మెంట్‌కి వెళ్ళగలిగే పిల్ల. బొటనవేలు తెర మీదకి వెళ్ళింది కూడా.

కాపాడాలనో, త్యాగం చేయాలనో ఆమె ఆగలేదు. తర్వాత ఎవరో అలా అంటే ఒప్పుకోలేదు కూడా. ఆ ఫొటోలు తీసి, వీళ్ళు నా స్నేహితులే, నమ్మండి అని ఒక పరాయి మనిషిని బతిమాలడానికి ఆమెకి రోత పుట్టింది. అంతే. ఒళ్ళంతా కారం రాసినట్టు మండింది.

"ఆమె చెప్పిందే నిజం" అంది. "నేను రైడ్స్ ఇస్తాను. డబ్బులు తీసుకుంటాను. వాళ్ళు కస్టమర్లు."

ఆవిడ కళ్ళజోడు తీసి మెడలోకి వదిలేసి, రాయడం మొదలుపెట్టింది. పాస్‌పోర్టు ఉంచుకుని, మూడు వారాల తర్వాత విచారణకి రమ్మని తారీఖు వేసిన కాగితం చేతికిచ్చింది. మిగతా ఇద్దర్నీ అప్పటికే వెళ్ళమన్నారు. వెళ్ళడానికి కారు నడిపేవాళ్ళు లేక వాళ్ళు బయట నిలబడి ఉన్నారు.

బయట ఇంకా ఎండ ఉంది. దుర్గ వచ్చి తాళం తీసింది. మీనాక్షి ముందు తలుపు మీద చెయ్యి వేసి, తీసేసి, వెనక్కి వెళ్ళి అమృత పక్కన కూర్చుంది. ముందు సీటు ఖాళీ. దుర్గ ఇంజన్ స్టార్ట్ చేసింది. అద్దం సరిచేసుకుంది. కారు కదల్లేదు.

"ఎక్కడ దించమంటారండీ?"

దుర్గ ఫోన్లో మ్యాప్ తెరిచి పట్టుకుంది.

"అడ్రస్ చెప్పండి మేడమ్."

"గట్లనకే" అంది అమృత. "మస్తు భయమైందే నాకు. మా నాన్న యాదికొచ్చిండు. నోట్లకెళ్ళి అదే వచ్చింది."

"అడ్రస్."

మీనాక్షి వెక్కుతోంది. అమృత ఇంటి నంబరూ వీధి పేరూ చెప్పింది, చిన్న గొంతుతో, ఎవరిదో ఇల్లయినట్టు. ముగ్గురూ ఏడాదిగా ఉంటున్న ఇల్లే. దుర్గ వాళ్ళని గుమ్మం ముందు దించి, "మీరు వెళ్ళండి, నేను పార్క్ చేసి వస్తా" అంది. వచ్చేసరికి బాగా చీకటి పడింది.

సోమవారం పదకొండింటికి ఆమె కాలేజీకి వెళ్ళింది. విచారణ తేలేదాకా కొత్త కోర్సులో చేర్చుకోలేమని అడ్వైజర్ బాధగా చెప్పింది. విచారణలో ఆమె మాటలే ఆమెకి చదివి వినిపించారు. అక్టోబరు నెలాఖరులోగా దేశం వదలమన్నారు.

ఆ నెలన్నర ముగ్గురూ ఒకే వంటింట్లో తిరిగారు. మూడు కుక్కర్లూ విడివిడిగా కూతపెట్టాయి. మీనాక్షి రెండు మూడుసార్లు దుర్గ గది ముందు దాకా వచ్చి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోయింది. అమృత మాత్రం ఒకరోజు సింకు దగ్గర గిన్నె కడుగుతూ, ఇటు తిరక్కుండా అడిగింది.

"దుర్గా, కారు ఎట్లయినా అమ్ముతవు గదా. బయటోళ్ళకి ఎందుకు? లైసెన్స్ వచ్చింది నాకు."

అమృత ఎప్పుడు నేర్చుకుందో, ఎవరి దగ్గర నేర్చుకుందో దుర్గకి తెలియదు. నవ్వొచ్చింది, చేదుగా. కారు ఎంతకి కొందో అంతకే ఇచ్చేసింది. బ్రేకు కొంచెం ఎడమకి లాగుతుందని, చలికి బ్యాటరీ మొరాయిస్తుందని ఒక కాగితం మీద రాసిపెట్టింది.

వెళ్ళే ముందు రోజు రైడ్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "రేపు పొద్దున ఏడింటికి ఎయిర్‌పోర్టుకి ఒక్కరు, రెండు పెట్టెలు. రైడ్ కావాలి. — దుర్గ." గ్రూపులో రెండు వందల మంది ఉన్నారు. వాళ్ళలో చాలామందిని ఏదో ఒకరోజు ఆమె ఎక్కడో ఒకచోట దించింది. గంటైనా ఎవరూ జవాబివ్వలేదు. సరిహద్దు గొడవలో ఉన్న మనిషి, ఎందుకొచ్చిన తంటా అనుకున్నారేమో. గంటన్నరకి పక్క గదిలోంచి ఫోన్ చప్పుడయింది. "వస్తా" అని పెట్టింది అమృత.

పొద్దున్నే మీనాక్షి పెట్టె పట్టుకుని మెట్ల దాకా వచ్చింది. అమృత ముందు తలుపు తీసి పట్టుకుంది. దుర్గ ఆ తలుపు చూసి, వెనక తలుపు తీసుకుని కూర్చుంది.

"ముందల కూర్చోవే."

"రైడ్ కదా. వెనకే కూర్చుంటారు."

అమృత రివర్స్ చేయడానికి మూడుసార్లు తంటాలు పడి రోడ్డెక్కింది. రెండు వీధులు దాటాక సిగ్నల్ ముందు వేగం తగ్గించింది. అద్దంలోంచి వెనక్కి చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"దుర్గా, ఆ రోజు నేను..."

"సిగ్నల్ దగ్గర మాట్లాడకు" అంది దుర్గ. "లేన్ చూసుకో."